ఇంటి వద్ద వృద్ధుల సంరక్షణ

వయసు మీరినవారు సొంత ఇంట్లోనో, సంతానం ఇంట్లోనో ఉంటూ ఆరోగ్యంగా, ప్రమాదాలకు లోనుకాకుండా, వీలైనంత కాలం తమ పనులు తామే చేసుకుంటూ జీవించడానికి అందించే సహాయాన్ని ఇంటి వద్ద వృద్ధుల సంరక్షణ అంటారు. భారతదేశంలో వృద్ధుల్లో అత్యధికులు జీవితాంతం ఇళ్లలోనే ఉంటారు. వృద్ధాశ్రమాల్లో ఉండేవారు చాలా కొద్దిమంది. అందువల్ల వృద్ధాప్య ఆరోగ్యానికి సంబంధించిన నిత్య నిర్ణయాలలో ఎక్కువ భాగం ఆసుపత్రుల్లో కాక ఇళ్లలోనే జరుగుతాయి. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశాన్ని, అందులోనూ తెలుగు రాష్ట్రాలను దృష్టిలో పెట్టుకుని ఆ సంరక్షణ స్వరూపాన్ని వివరిస్తుంది.

## నిర్వచనం, పరిధి

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) ప్రకారం 60 ఏళ్లు నిండిన భారత పౌరులు వయోవృద్ధులు. సంరక్షణ అవసరం మాత్రం వయసును బట్టి కాక శక్తిని బట్టి ఏర్పడుతుంది. 80 ఏళ్ల వయసులో ఒంటరిగా వండుకుని తినగలవారు ఉంటారు. 62 ఏళ్లకే పక్షవాతంతో మంచం పట్టినవారూ ఉంటారు.

ఈ సంరక్షణలో నాలుగు అంగాలను గుర్తించవచ్చు: స్నానం, భోజనం, మలమూత్ర విసర్జన వంటి దైనందిన అవసరాలకు తోడ్పాటు, మందులు, పరీక్షలు, గాయాల శుభ్రత వంటి వైద్య సేవలు, ఇంటిని ప్రమాదరహితంగా మలచడం, మానసిక, సామాజిక, ఆర్థిక భద్రత. ఇంట్లోనే జరిగే ఉపశమన చికిత్స కూడా దీని పరిధిలోకి వస్తుంది (చూ. ఉపశమన చికిత్స).

## చరిత్ర

### సంప్రదాయ వ్యవస్థ

ఆయుర్వేదం తన ఎనిమిది అంగాలలో ఒకటిగా రసాయన తంత్రాన్ని, అంటే ముసలితనాన్ని, దాని బాధలను ఎదుర్కొనే చికిత్సను పేర్కొంది. ధర్మశాస్త్రాలు తల్లిదండ్రుల పోషణను సంతానం విధిగా చెప్పాయి. ఆచరణలో ఈ బాధ్యత ఉమ్మడి కుటుంబానిది. అందులోనూ శారీరక శ్రమ ఎక్కువగా కోడళ్ల మీద, కూతుళ్ల మీద పడేది.

ఉమ్మడి కుటుంబాలు విడిపోయాక తెలుగు పల్లెల్లో వంతుల పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆస్తి పంచుకున్న కొడుకులు తల్లిదండ్రులను నెలకొకరు, లేదా కొన్ని నెలలకొకరు వంతులవారీగా చూసుకుంటారు. కొన్ని ఇళ్లలో తల్లి ఒక కొడుకు దగ్గర, తండ్రి ఇంకొకరి దగ్గర ఉంటారు. ఈ పద్ధతి వల్ల భారం ఒక్కరి మీదే పడదు. కానీ ఇల్లు మారినప్పుడల్లా స్నానాల గది, మంచం, డాక్టరు మారిపోవడం, పాత మందుల చీటీలు వెనకే ఉండిపోవడం దీనిలోని ప్రధాన లోపాలు.

### ఆధునిక వ్యవస్థ

శిక్షణ పొందిన నర్సు ఇంటికి వెళ్లి సేవ చేసే పద్ధతికి 1859లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ పునాది వేశాడు. 1909లో అమెరికాలో ఇగ్నాట్జ్ నాషర్ వృద్ధాప్య వైద్యం ప్రత్యేక శాఖగా ఉండాలని ప్రతిపాదించి దానికి పేరు పెట్టాడు. 1930ల మధ్యలో లండన్ సమీపంలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్, ఏళ్ల తరబడి మంచానికే పరిమితమైన వృద్ధులను ఒక్కొక్కరిగా పరీక్షించి, వ్యాయామంతో, సరైన చికిత్సతో వారిలో చాలామందిని లేపి నడిపించి ఇళ్లకు పంపగలిగింది. వయసు వల్ల వచ్చిందనుకునే అశక్తతలో కొంత భాగం నయమయ్యేదేనన్న అవగాహనకు ఆమె కృషి పునాది అయింది.

భారతదేశంలో వృద్ధాప్య వైద్య విభాగం తొలుత మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చొరవతో ఏర్పడింది. వృద్ధుల కోసం పనిచేసే హెల్ప్‌ఏజ్ ఇండియా 1978లో నెలకొన్నది. ఐక్యరాజ్యసమితి 1982లో వియన్నాలో, 2002లో మాడ్రిడ్‌లో వృద్ధాప్యంపై ప్రపంచ సమావేశాలు జరిపింది. అక్టోబరు 1ని అంతర్జాతీయ వృద్ధుల దినంగా 1990లో ప్రకటించింది. 2021-2030ని ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్దంగా పాటిస్తోంది. భారత ప్రభుత్వం 1999లో జాతీయ వృద్ధుల విధానాన్ని ప్రకటించి, 2010-11లో జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

## జనాభా నేపథ్యం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10.38 కోట్లు, అంటే జనాభాలో 8.6 శాతం. 2050 నాటికి ఈ వాటా 20 శాతం దాటుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. జననాల రేటు ముందుగా తగ్గిన దక్షిణాది రాష్ట్రాల్లో ఈ మార్పు వేగంగా వస్తోంది. ఒకరిద్దరు సంతానం ఉన్న కుటుంబాలు పెరగడం, చదువులకు, ఉద్యోగాలకు పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాలకు, విదేశాలకు వెళ్లడం వల్ల, భార్యాభర్తలిద్దరే లేదా ఒక్కరే మిగిలిన ఇళ్లు తెలుగు జిల్లాల్లో సాధారణమయ్యాయి.

## రకాలు

కుటుంబ సంరక్షణ. భార్య లేదా భర్త, కొడుకు, కోడలు, కూతురు చేసేది. దీనికి వేతనం, శిక్షణ, సెలవు సాధారణంగా ఉండవు.

వేతన సహాయకుల సంరక్షణ. ఆయాలు, కేర్‌టేకర్లు, ఇంటికి వచ్చే నర్సులు, ఫిజియోథెరపిస్టుల సేవలు. వీరిని కొందరు నేరుగా, కొందరు ఏజెన్సీల ద్వారా నియమించుకుంటారు. కేర్‌టేకరు చేయగల పనికీ, సూదిమందు ఇవ్వడం, మూత్రపు గొట్టం మార్చడం వంటి నర్సు మాత్రమే చేయదగిన పనికీ తేడా పాటించడం అవసరం. గుర్తింపు పత్రాల పరిశీలన, పని గంటలు, వారపు సెలవు ముందే రాసుకోవడం ఇరుపక్షాలకూ రక్షణ.

సముదాయ సంరక్షణ. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, స్వచ్ఛంద సంస్థలు, ఇరుగుపొరుగు కలిసి అందించేది. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన చికిత్స ఉద్యమం స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలతో ఇంటింటి సేవగా విస్తరించింది. ఆ రాష్ట్రం 2008లో దీనికి ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. తెలంగాణలో 'ఆలన' పేరుతో ఉపశమన చికిత్స బృందాలు రోగుల ఇళ్లకు వెళ్తాయి.

పగటి సంరక్షణ. వృద్ధులు పగలు కేంద్రంలో గడిపి రాత్రికి ఇంటికి చేరే పద్ధతి. ఇది నగరాల్లో పరిమితంగా ఉంది.

## అవసరాల అంచనా

ఏ సహాయం కావాలో నిర్ణయించడానికి ముందు ఏ పని సొంతంగా చేసుకోగలరో చూస్తారు. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించిన సూచిక ఆరు పనులను పరిశీలిస్తుంది: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డి వాడకం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలపై అదుపు, అన్నం తినడం. 1969లో లాటన్, బ్రాడీ రూపొందించిన మరో కొలమానం ఫోను వాడకం, వంట, కొనుగోళ్లు, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం వంటి ఎనిమిది పనులను చూస్తుంది. సాధారణంగా ఈ రెండో రకం పనుల్లో తడబాటు ముందుగా కనిపిస్తుంది. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, తెలిసిన వంటలో ఉప్పు మరవడం అలాంటి తొలి గుర్తులు కావచ్చు.

నడక స్థిరత్వాన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్కిస్తారు. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒకరు నిలబడి ఉండాలి.

## ఇంటి భద్రత

### పడిపోవడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 65 ఏళ్లు దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది కనీసం ఒకసారి పడిపోతారు. కండ తగ్గడం, చూపు మందగించడం, ఎముకలు గుల్లబారడం, మందుల ప్రభావం శరీరంలోని కారణాలు. తడి నేల, చీకటి, మెట్లు, గడపలు ఇంట్లోని కారణాలు. తుంటి ఎముక విరగడం వీటి పర్యవసానాల్లో అత్యంత తీవ్రమైనది. ఒకసారి పడినవారు మళ్లీ పడతామన్న భయంతో నడక తగ్గిస్తారు. దానివల్ల కాళ్ల బలం ఇంకా తగ్గి, పడే అవకాశం మరింత పెరుగుతుంది.

లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం మరో ముఖ్య కారణం. నిలబడిన మూడు నిమిషాల్లో పై సంఖ్య 20 గానీ, కింది సంఖ్య 10 గానీ తగ్గితే దాన్ని వ్యాధి లక్షణంగా పరిగణిస్తారు. తెల్లవారుజామున మూత్రానికి గబుక్కున లేచినప్పుడు కళ్లు తిరిగి పడేది ఎక్కువగా ఇందువల్లే. మంచం మీద కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, ఆ తర్వాత ఆసరా పట్టుకుని లేవడం అలవాటు చేయాలి.

పడినవారిని వెంటనే రెక్కపట్టి లేపకూడదు. ముందు నొప్పి ఎక్కడుందో అడగాలి. ఒక కాలు పొట్టిగా కనిపించి, పాదం బయటివైపు తిరిగి ఉంటే తుంటి విరిగినట్టు అనుమానించి, కదపకుండా 108కి ఫోను చేయాలి. తుంటి విరిగినవారికి 48 గంటల్లోపు శస్త్రచికిత్స జరిగితే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

### స్నానాల గది, మరుగుదొడ్డి

తెలుగు ఇళ్లలో పాత మరుగుదొడ్లు పెరట్లో, రెండు మూడు మెట్ల మీద, గొంతుక్కూర్చునే పద్ధతిలో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి పడక గదికి దగ్గరగా కుర్చీ కమోడ్ ఏర్పాటు చేయడం తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు. గోడకు బిగించే పట్టుకడ్డీని నేల నుంచి సుమారు 33-36 అంగుళాల ఎత్తులో అమర్చాలి. తువ్వాలు కడ్డీ మనిషి బరువు మోయదు, కనుక దాన్ని ఆసరాగా వాడకూడదు. గరుకు టైల్స్, స్నానానికి జారని పీట లేదా ప్లాస్టిక్ కుర్చీ, బయటి నుంచి తీయగల గడియ, బయటికి తెరుచుకునే తలుపు ఉపయోగపడతాయి. తలుపు లోపలికి తెరుచుకుంటే, పడిన మనిషే దానికి అడ్డమై సాయం అందడం ఆలస్యమవుతుంది.

బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాచుకునే ఇళ్లలో స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీటిని ముట్టుకోవాలి. చర్మానికి స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు నీటి వేడిని గుర్తించలేక కాల్చుకుంటారు. అందుకే వారి స్నానపు నీటిని ఇంకొకరు మోచేతితో చూడాలి. గ్యాస్ గీజరును గాలి ఆడని స్నానాల గదిలో వాడితే కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాపాయం కలుగుతుంది.

### గదులు, మంచం, దుస్తులు

గడపలకు వేరే రంగు పట్టీ వేస్తే మసక చూపులోనూ కనిపిస్తాయి. మంచం నుంచి మరుగుదొడ్డి వరకు రాత్రంతా చిన్న దీపం వెలగాలి. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కుంగిన నులక మంచం, నవారు మంచం మీంచి లేవడం తుంటికి, మోకాళ్లకు కష్టం. కాలికి అడ్డుపడే పట్టాలు, వదులైన వైర్లు తీసేయాలి. నేలకు జీరాడే కుచ్చెళ్లు, పంచె అంచులు, అరిగిన హవాయి చెప్పులు జారిపడటానికి తరచుగా కారణమవుతాయి. మడమను పట్టి ఉంచే చెప్పులు మేలు. చేతికర్ర పిడి, నిటారుగా నిలబడినప్పుడు మణికట్టు ఎత్తుకు రావాలి. కర్ర చివర రబ్బరు అరిగితే మార్చాలి. మెట్లు ఉన్నచోట ర్యాంపు కట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండేలా చూడాలి.

### నిప్పు, ఎండ

దేవుడి గదిలో దీపారాధన చేసేటప్పుడు పమిట కొంగుకు నిప్పంటుకోవడం వృద్ధ మహిళల్లో జరిగే ప్రమాదం. దీపాన్ని వంగి అందుకునే చోట కాక ఎదురుగా ఎత్తైన పీట మీద ఉంచడం, కొంగు దోపుకోవడం, నైలాన్ చీరలకు బదులు నూలు చీరలు కట్టుకోవడం దీనికి నివారణ. మరపు ఉన్నవారు ఒంటరిగా ఉండే ఇంట్లో గ్యాస్ రెగ్యులేటరును వాడకం అయ్యాక ఆపేయాలి.

2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు. వృద్ధుల్లో దాహం వేసే గుణం తగ్గుతుంది. మూత్రం ఎక్కువయ్యే బీపీ మాత్రలు వాడేవారిలో నీరు మరింత త్వరగా తగ్గుతుంది. పైగా "నీళ్లు తాగితే మళ్లీ లేవాలి" అని చాలామంది తాగడమే మానుకుంటారు. దాహంతో పనిలేకుండా వేళకు నీళ్లు, మజ్జిగ, గంజి ఇవ్వాలి; గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి ఎంత ఇవ్వాలో వైద్యుణ్ని అడగాలి.

## ఆరోగ్య నిర్వహణ

### మందులు

ఐదు, అంతకు మించి మందులు రోజూ వాడటాన్ని బహుళ ఔషధ వాడకంగా పరిగణిస్తారు. గుండెకు ఒక డాక్టరు, మోకాళ్లకు ఇంకొకరు, నిద్రకు మందుల షాపు చెప్పింది కలిసి ఒకే మందు రెండు పేర్లతో చేరడం సాధారణం. వయసుతో మూత్రపిండాలు, కాలేయం పనితీరు తగ్గి మందు శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది. వృద్ధులకు ప్రమాదకరమయ్యే మందుల జాబితాను అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో రూపొందించాడు. దాన్ని నేటికీ సవరిస్తూ వాడుతున్నారు. అల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు, మోకాళ్ల నొప్పికి చీటీ లేకుండా దీర్ఘకాలం వాడే నొప్పి మాత్రలు ఇందులో ముఖ్యమైనవి. మొదటివి తూలుడును, మతి తడబాటును పెంచుతాయి. రెండోవి మూత్రపిండాలను, జీర్ణాశయాన్ని దెబ్బతీసి బీపీని పెంచుతాయి.

అందువల్ల ప్రతి డాక్టరు దగ్గరికీ చీటీలతోపాటు వాడుతున్న మందులన్నీ, పసరు మందులు, భస్మాలు, చుక్కల సీసాలతో సహా, ఒకే సంచిలో తీసుకెళ్లాలి. మందు పేరు, ఎందుకు, ఎప్పుడు, ఎవరు రాశారు అన్న నాలుగు గడులతో ఒక కాగితం ఇంట్లో ఉండాలి. వంతుల పద్ధతిలో ఇల్లు మారే వృద్ధులతోపాటు ఆ కాగితం కూడా వెళ్లాలి. వారం రోజుల గడుల డబ్బాలో మాత్రలు సర్దితే వేసుకున్నదీ లేనిదీ తెలుస్తుంది.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఏకాదశికో, కార్తిక సోమవారానికో, రంజాన్ మాసంలోనో ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గి ప్రమాదం రావచ్చు. చెమట, వణుకు, పొంతన లేని మాటలు దాని లక్షణాలు. స్పృహ ఉంటే సుమారు 15 గ్రాముల చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఉపవాస దినాల్లో మందు మోతాదు గురించి ముందే వైద్యుణ్ని సంప్రదించాలి.

### ఆహారం

వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అవసరమని నిపుణుల సూచన. పళ్లు లేక, ఒంటరిగా వండుకోవడం విసుగై, అన్నంలో పచ్చడో చారో కలుపుకుని సరిపెట్టేవారికి ఇది అందదు. ముద్దపప్పు, పెసరకట్టు, పెరుగు, గుడ్డు, మెత్తగా ఉడికించిన చేప సులభ మార్గాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని చెబుతుంది. ఊరగాయ, అప్పడం, వడియాలు ఉప్పును సులభంగా ఆ హద్దు దాటిస్తాయి. కారణం లేకుండా బరువు తగ్గుతుంటే వయసు ప్రభావమని వదిలేయక పరీక్ష చేయించాలి. తినేటప్పుడు తరచూ పొలమారితే, ముఖ్యంగా పక్షవాతం వచ్చినవారిలో, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. వారిని నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలుగా తినిపించాలి.

### వ్యాయామం, చూపు, వినికిడి, టీకాలు

నడక ఒక్కటే చాలదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద నిలబడటం వంటివి కాళ్ల బలాన్ని, సమతౌల్యాన్ని పెంచుతాయి. శుక్లాలు తీయించడం, వినికిడి యంత్రం అమర్చడం పడిపోయే ప్రమాదాన్ని, ఒంటరితనాన్ని తగ్గిస్తాయి. వినికిడి లోపాన్ని చికిత్స లేకుండా వదిలేస్తే మతిమరుపు వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఏటా ఇన్‌ఫ్లుయెంజా టీకా, వైద్యుడి సలహాపై న్యుమోకాకల్ టీకా ఇప్పిస్తారు.

## మంచం పట్టినవారి సంరక్షణ

కదలలేనివారిలో ఒకే చోట ఒత్తిడి పడి రక్తప్రసరణ ఆగి పడక పుండ్లు ఏర్పడతాయి. నడుము కింది ఎముక, తుంటి, మడమలు వాటి ప్రధాన స్థానాలు. మొదటి దశలో చర్మం ఎర్రబడి, లేదా ముదురు రంగు చర్మంలో నల్లబడి, వేలితో నొక్కినా రంగు మారదు. ఆ దశలో ఒత్తిడి తొలగిస్తే మానుతుంది; నాలుగో దశకు వస్తే కండరం, ఎముక బయటపడతాయి. సాధారణంగా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. నేరుగా తుంటి మీద కాక 30 డిగ్రీల వాలుగా దిండు ఆనించి పడుకోబెట్టాలి. మార్చేటప్పుడు దుప్పటితో ఎత్తి జరపాలి. ఈడిస్తే చర్మం రాచుకుపోతుంది. ఎర్రబడిన చోట మర్దన చేయకూడదు. గాలి పరుపు సాయపడుతుంది గానీ పక్క మార్చే పనికి ప్రత్యామ్నాయం కాదు.

తడిసిన బట్ట, డైపరు వెంటనే మార్చడం, నోటిని రోజూ శుభ్రం చేయడం, మలబద్ధకం రాకుండా చూడటం ఈ సంరక్షణలోని నిత్యకృత్యాలు. ఒళ్లు తుడిచేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు తెర వేయడం, చేయబోయేది ముందు చెప్పడం వారి గౌరవానికి సంబంధించిన విషయం. మాట్లాడలేని స్థితిలో ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది.

## మతిమరుపు వ్యాధి, మానసిక ఆరోగ్యం

2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పేర్లు మరవడం వయసుతో వచ్చేదే. తెలిసిన దారి తప్పడం, అన్నం తిన్న సంగతి మరచి మళ్లీ అడగడం, స్వభావం మారడం వ్యాధి లక్షణాలు. ఇలాంటివారితో వాదించకుండా దృష్టి మళ్లించడం, దినచర్యను ఒకే తీరుగా ఉంచడం, జేబులో చిరునామా కాగితం పెట్టడం, సాయంత్రం వేళ గదిలో వెలుతురు పెంచడం ఉపయోగకరం. మతి తడబాటు ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వస్తే అది డెలీరియం. మూత్రపు ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్త మందు వంటివి దానికి కారణాలు. చాలావరకు నయమవుతుంది కనుక ఆలస్యం చేయకూడదు.

జీవిత భాగస్వామి మరణం, ఊరు వదిలి నగరంలో ఫ్లాటుకు మారడం తరువాత కుంగుబాటు రావచ్చు. వృద్ధుల్లో అది ఏడుపుగా కంటే ఆకలి లేకపోవడం, ఒళ్లునొప్పులు, నిద్ర పట్టకపోవడంగా కనిపిస్తుంది. టెలి మానస్ (14416) ద్వారా ఉచిత మానసిక ఆరోగ్య సలహా తెలుగులోనూ లభిస్తుంది.

## అత్యవసర లక్షణాలు

వృద్ధుల్లో జబ్బులు సాధారణ లక్షణాలతో రాకపోవచ్చు. గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగా, చెమటగా, నీరసంగా రావచ్చు. న్యుమోనియా జ్వరం లేకుండా రావచ్చు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతపు గుర్తులు. మెదడులో రక్తం గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే పనికివస్తుంది కాబట్టి, లక్షణం మొదలైన సమయాన్ని గుర్తుంచుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లాలి. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ రెండు రాష్ట్రాల్లోనూ ఉచితం.

## సంరక్షకుల స్థితి

ఏళ్ల తరబడి సేవ చేసేవారిలో నడుము నొప్పి, నిద్రలేమి, కుంగుబాటు, ఆదాయ నష్టం కనిపిస్తాయి. చాలా ఇళ్లలో సంరక్షకురాలు కూడా 60 దాటిన భార్యే. విసుగు పెరిగితే కసురుకోవడం, నిర్లక్ష్యం, కొన్నిసార్లు హింస వరకు వెళ్తుంది. పనిని తోబుట్టువుల మధ్య స్పష్టంగా పంచుకోవడం, డబ్బు పంపేవారు ఏటా కొన్ని వారాలు స్వయంగా బాధ్యత తీసుకోవడం, రోగిని లేపే సరైన పద్ధతిని ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవడం నివారణ మార్గాలు.

## దూర సంరక్షణ, ఆర్థిక భద్రత

విదేశాల్లో ఉన్న సంతానం వీడియో కాల్, చేతికి కట్టుకునే అలారం, రక్తపోటు యంత్రం, కెమెరాలతో పర్యవేక్షిస్తారు. పడక గదిలో కెమెరా పెట్టడానికి వృద్ధుల అనుమతి అవసరం. ఈ సాధనాలు సమాచారమే ఇస్తాయి. పది నిమిషాల్లో ఇంటికి రాగల ఒక బంధువు లేదా పొరుగువారి దగ్గర తాళంచెవి, మందుల జాబితా, ఆరోగ్య బీమా కార్డు నకలు ఉండాలి.

పోలీసులమని, బ్యాంకు నుంచి అని చెప్పి ఫోన్లలో చేసే మోసాలకు ఒంటరి వృద్ధులు ఎక్కువగా గురవుతున్నారు. ఈ మోసగాళ్లు భయపెట్టడానికి వాడే 'డిజిటల్ అరెస్టు' అనేది చట్టంలో లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫిర్యాదు చేయాలి. 70 ఏళ్లు దాటినవారికి ఇంటి వద్దే ప్రాథమిక సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులకు సూచించింది. పింఛనుదారులు జీవన్ ప్రమాణ్ ద్వారా జీవన ధ్రువపత్రాన్ని ఇంటి నుంచే సమర్పించవచ్చు.

## చట్టాలు, పథకాలు

2007 చట్టం కింద పోషణ అందని వృద్ధులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు భృతి ఆదేశించవచ్చు. కొడుకులతోపాటు కూతుళ్లకూ, మేజరైన మనవలకూ బాధ్యత ఉంది. సంతానం లేనివారికి ఆస్తి సంక్రమించే బంధువు బాధ్యుడు. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా అన్వయించాలని పేర్కొంది. కాబట్టి షరతును దస్తావేజులోనే రాయించుకోవడం క్షేమం. వృద్ధులను వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. భృతి పరిమితిని తొలగించేందుకు 2019లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు.

వృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ (14567) హైదరాబాదులో ప్రయోగాత్మకంగా మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. చేతికర్రలు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో నెల్లూరు జిల్లాలో ప్రారంభమైంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. 70 ఏళ్లు దాటిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను ఆయుష్మాన్ భారత్ కిందికి 2024 అక్టోబరులో తెచ్చారు. ఈ రక్షణ ఆసుపత్రిలో చేరినవారికే. ఇంట్లో ఆయా, డైపర్లు, ఫిజియోథెరపీ ఖర్చులు దీని కిందకు రావు.

కోలుకోలేని స్థితిలో ఏ చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ విధానాన్ని సరళం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు.

## ఇతర దేశాల పద్ధతులు

జపాన్ 2000లో దీర్ఘకాలిక సంరక్షణ బీమాను ప్రారంభించింది. 40 ఏళ్లు దాటినవారంతా చందా కడతారు. అవసరాన్ని ఏడు స్థాయిలుగా అంచనా వేసి, ఇంటి సహాయం, పగటి కేంద్రం, నర్సు సేవలు కేటాయిస్తారు. జర్మనీ బీమా (1995) సేవలను గానీ, సేవ చేసే కుటుంబానికి నగదును గానీ ఎంచుకోనిస్తుంది. నెదర్లాండ్స్‌లో 2006లో మొదలైన బ్యూర్ట్‌జోర్గ్ సంస్థలో చిన్న నర్సుల బృందాలు తమ పేట వృద్ధుల సేవను స్వయంగా నిర్వహించుకుంటాయి. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలో 1971లో ఏర్పడిన ఆన్ లాక్ సంస్థ పగటి కేంద్రాన్ని, వైద్యాన్ని, ఇంటి సేవను జోడించింది.

## ప్రాముఖ్యం, పరిమితులు

తెలిసిన పరిసరాలు, భాష, తిండి, ఇరుగుపొరుగు వృద్ధుల మనోబలాన్ని నిలుపుతాయి. ఆసుపత్రుల్లో సంక్రమించే ఇన్ఫెక్షన్లు తప్పుతాయి. అయితే ఇంటి సంరక్షణ అన్ని వేళలా ఉత్తమం కాదు. రాత్రింబవళ్లు నర్సింగ్ అవసరమైనప్పుడు, ఇంట్లో హింస ఉన్నప్పుడు, సంరక్షకుల ఆరోగ్యమే దెబ్బతిన్నప్పుడు మంచి ప్రమాణాలున్న వృద్ధాశ్రమం లేదా సంరక్షణ కేంద్రం మేలైన మార్గం కావచ్చు. ఎక్కడ ఉండాలన్న నిర్ణయంలో వృద్ధుల అభిప్రాయానికే ప్రథమ స్థానం ఉండాలి.

ఇంట్లో వృద్ధులకు జరిగే హానిలో గణనీయమైన భాగం నివారించదగినది. పడిపోవడం, మందుల పొరపాట్లు, పడక పుండ్లు, ఆలస్యంగా గుర్తించిన జబ్బులు ఆప్యాయత ఉన్న ఇళ్లలోనూ జరుగుతాయి. వాటిని తగ్గించేవి క్రమబద్ధమైన పరిశీలన, ఇంటిలో చిన్న మార్పులు, రాసిపెట్టుకున్న సమాచారం, పంచుకున్న బాధ్యత. భారతదేశంలో ప్రభుత్వ పథకాలు పింఛనుకు, ఆసుపత్రి ఖర్చుకు ఇచ్చినంత ప్రాధాన్యం ఇంటి సేవకు, సంరక్షకుల శిక్షణకు ఇంకా ఇవ్వలేదు.

## సంబంధిత అంశాలు

ఉపశమన చికిత్స, ఎముకలు గుల్లబారడం, డిమెన్షియా, డెలీరియం, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, పక్షవాతం, పడక పుండ్లు, మధుమేహం, వడదెబ్బ, వృద్ధాప్య పింఛన్లు, వృద్ధాప్య వైద్యం, వృద్ధాశ్రమాలు.